ఎంత ఖర్చయిందో బ్యాంకు చెప్తుంది, ఎందుకయిందో ఎవరు చెప్పాలి? రియల్ ఎస్టేట్ ఏజెంట్ల ట్యాక్స్ లెక్క

అమెరికాలో సొంతంగా పని చేసుకునే రియల్ ఎస్టేట్ ఏజెంట్ వ్యాపార లాభనష్టాలు చూపించడానికి ఏటా నింపే షెడ్యూల్ సి ఫారం రెండో పేజీలో, కారు గురించి అడిగే చోట, చివర్లో రెండు చిన్న ప్రశ్నలుంటాయి. మీరు చూపించే ఖర్చుకి ఆధారం ఉందా, ఉంటే అది రాసి పెట్టి ఉందా. ఎక్కువమంది రెండింటికీ అవునని టిక్ పెట్టేసి పోతారు, ఎందుకంటే మార్చి నెలాఖరులో సీపీఏ (ట్యాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్) ఫోన్ చేసి "ఎన్ని మైళ్ళు వేయమంటారు" అని అడిగితే "పోయినేడు ఎంత వేశామో అంతే వేసేయండి, ఓ వెయ్యి కలపండి" అనడం మామూలే కదా. రిటర్న్ కింద పెట్టే సంతకం మాత్రం ఇందులో ఉన్నదంతా నిజమే, అబద్ధమైతే శిక్షకి సిద్ధం అనే మాట కింద పెట్టే సంతకం.

ఏ ఏ ఖర్చులు చూపించుకోవచ్చు అనే లిస్టు ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరుకుతుంది, అది పెద్ద విషయమే కాదు. చిక్కంతా ఎక్కడంటే బ్యాంక్ స్టేట్‌మెంట్ ఎంత పోయిందో చెప్తుంది గానీ ఎందుకు పోయిందో చెప్పదు, ట్యాక్స్ చట్టం అడిగేది ఎక్కువగా ఆ ఎందుకనే సంగతే. ఇంకో ఉద్యోగంలోనో వ్యాపారంలోనో ఇది ఇంత తలనొప్పి కాకపోవచ్చు, ఏజెంట్ పనిలో మాత్రం కారు, ఫోన్, కాఫీ, ఇంట్లో ఒక గది, అన్నీ సగం సొంతానివి సగం పనివి, పైగా ఒక్కోటి చిన్న చిన్న మొత్తాలు.

ముందు ఈ లెక్క ఎందుకింత ముఖ్యమో చూద్దాం. బ్రోకరేజ్ పేరు మీద పని చేసినా ఏజెంట్ దాని ఉద్యోగి కాదు. 1982లో వచ్చిన చట్టం ప్రకారం లైసెన్స్ ఉండి, పని చేసిన గంటల్ని బట్టి కాకుండా అమ్మకాల్ని బట్టి డబ్బు తీసుకుంటూ, ఉద్యోగిగా చూడం అని రాతపూర్వక అగ్రిమెంట్ ఉన్న ఏజెంట్‌ని ఫెడరల్ ట్యాక్స్ విషయంలో సెల్ఫ్ ఎంప్లాయ్డ్ కిందే లెక్కేస్తారు. అంటే కమిషన్ చెక్కులోంచి ఎవరూ ట్యాక్స్ పట్టుకోరు, జనవరిలో ఏడాదంతా ఎంత ఇచ్చారో చూపించే ఫారం 1099-ఎన్‌ఈసీ ఒకటి వస్తుంది అంతే. ఇన్‌కమ్ ట్యాక్స్ కాకుండా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు యజమాని వైపుదీ ఉద్యోగి వైపుదీ కలిపి 15.3 శాతం, నికర లాభంలో 92.35 శాతం మీద కట్టాలి. 22 శాతం బ్రాకెట్‌లో ఉన్నవాళ్ళు 100 డాలర్ల ఖర్చు సరిగ్గా చూపిస్తే సుమారుగా 30 డాలర్లు మిగుల్తుంది, స్టేట్ ట్యాక్స్ ఉన్న చోట ఇంకాస్త. రెండు రేట్లూ కూడితే 37 రావాలి కదా అనిపిస్తుంది, కానీ ఖర్చు చూపిస్తే లాభం తగ్గుతుంది, దాంతో ఆ లాభం మీద దొరికే 20 శాతం క్యూబీఐ డిడక్షన్ (సొంత వ్యాపార లాభంలో కొంత ట్యాక్స్ లెక్కలోంచి తీసేసే తగ్గింపు) కూడా తగ్గుతుంది, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్‌లో సగం తీసేసుకునే వీలు కూడా ఆ మేరకి తగ్గుతుంది, అందుకే 30 దగ్గర ఆగుతుంది. ఖర్చు పెడితే ట్యాక్స్ మిగుల్తుంది అని డిసెంబర్‌లో అక్కర్లేనివన్నీ కొనేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకుంటే మంచిది, మిగిలిన 70 డాలర్లు పోయేది సొంత జేబులోంచే.

ఖర్చుల కన్నా ముందు ఆదాయం వైపు ఒకటి చూసుకోవాలి. కొన్ని బ్రోకరేజ్‌లు 1099లో ఏజెంట్ చేతికొచ్చిన డబ్బు మాత్రమే వేస్తాయి, కొన్ని బ్రోకర్ వాటా (స్ప్లిట్) తీయక ముందు మొత్తం కమిషన్ వేసి ఆ వాటా, ట్రాన్సాక్షన్ ఫీజు, డెస్క్ ఫీజు లాంటివి వేరేగా చూపిస్తాయి. మొత్తం వేసిన పక్షంలో ఆ స్ప్లిట్‌ని ఖర్చు కింద ఏజెంటే తీసుకోవాలి, షెడ్యూల్ సిలో కమిషన్లు ఫీజులు అనే లైన్ ఉన్నది అందుకే. చూసుకోకుండా 1099 అంకె ఆదాయంలో వేసి, బ్యాంకులో పడ్డ డిపాజిట్లే కమిషన్ అనుకుని స్ప్లిట్ వదిలేస్తే, ఏడాదికి నాలుగైదు క్లోజింగ్‌లు (ఇంటి అమ్మకం పూర్తవడం) చేసినవాళ్ళు కూడా వేల డాలర్ల మీద ఊరికే ట్యాక్స్ కట్టినట్టే. ప్రతి క్లోజింగ్‌కీ కమిషన్ స్టేట్‌మెంట్ దాచుకుని, వాటి మొత్తం 1099తో సరిపోతుందో లేదో చూడ్డం గంట పని కూడా కాదు, ఏ రిసీటూ ఆదా చేయనంత డబ్బు దీంట్లో ఉంటుంది.

ఇప్పుడు ఆ ఎందుకు సంగతి. ఒకే కాఫీ షాప్, ఒకే కార్డు, మూడు రోజులు, మూడుసార్లూ 38 డాలర్లు అనుకుందాం. శనివారం అమ్మకానికి తీసుకున్న ఇంట్లో (లిస్టింగ్) ఎవరైనా వచ్చి చూసేలా ఓపెన్ హౌస్ పెట్టి వచ్చేపోయేవాళ్ళందరికీ కాఫీ, కుకీలు పెడితే అది జనం కోసం పెట్టిన ప్రచార ఖర్చు, 38 డాలర్లూ చూపించుకోవచ్చు. మంగళవారం ఒక బయ్యర్ దంపతుల్ని కూర్చోబెట్టి ఆఫర్ ఎంత వేయాలో మాట్లాడుతూ తిన్నది బిజినెస్ మీల్, అందులో సగమే, అంటే 19. గురువారం కొనేవాళ్ళకి ఇళ్ళు చూపించే రెండు షోయింగ్‌ల మధ్య ఆకలేసి ఒక్కరే ఏదో తిని, పనిలో పనిగా ఇంటికి కూడా కట్టించుకుంటే అది సున్నా, పని మీద తిరుగుతూ తిన్నా సరే, ఎందుకంటే ఊళ్ళోనే ఉండి మామూలుగా తినే తిండి ఎవరికైనా సొంత ఖర్చే. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఈ మూడు లైన్లూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంటాయి. బ్యాంక్ అకౌంట్‌కి కలిపేస్తే ఖర్చులన్నీ తనే సర్దేస్తుందని చెప్పే యాప్ ఏదైనా మూడింటినీ మీల్స్ అని ఒకే గంపలో వేస్తుంది. ఆ యాప్‌లు పనికిరావని కాదు, అవి కూడికలు బాగా చేస్తాయి, కూడికలతో ఎవరికీ ఎప్పుడూ ఇబ్బంది లేదు.

ఇదే మీటింగ్ ఆట చూడ్డానికి స్టేడియంలో పెట్టుకుంటే టికెట్ల డబ్బు పూర్తిగా గాలికే. 2018 నుంచి ఎంటర్‌టైన్‌మెంట్ ఖర్చు అసలు చూపించుకోవడానికి లేదు, అక్కడ తిన్నదానికి బిల్లు వేరేగా ఉంటే దాంట్లో సగం మటుకు వస్తుంది.

చట్టం ఈ ఎందుకు మీద ఇంత పట్టుబట్టడానికి ఒక పాత కథ ఉంది. బ్రాడ్‌వే నటుడు, నిర్మాత జార్జ్ కోహన్ తన ప్రయాణాలకీ విందులకీ బోలెడు ఖర్చయిందని చూపించాడు, లెక్కా పత్రం మాత్రం లేదు. 1930లో అప్పీల్ కోర్టు ఏమందంటే ఖర్చయితే అయింది కదా, కచ్చితమైన అంకె లేదని మొత్తం కొట్టేయడం కాదు, ఎంతో కొంత అంచనా వేసి ఇవ్వండి అంది. ఆ రూల్ ఇప్పటికీ కొన్ని ఖర్చులకి పని చేస్తుంది, అంటే సైన్‌బోర్డులు, ప్రింటింగ్, ఆఫీస్ సామాన్లు లాంటివి కొన్నట్టు తెలుస్తుంటే రిసీట్ పోయినా కోర్టు అంచనా వేయొచ్చు. కానీ 1962లో అమెరికా కాంగ్రెస్ ప్రయాణాలకీ, గిఫ్టులకీ, ఆ తరవాత కార్లకీ ఈ వెసులుబాటు తీసేసింది. వాటికి ఎంత, ఎప్పుడు, ఎక్కడ, ఏ పని మీద, గిఫ్ట్ అయితే ఎవరికి అనేది చూపించాల్సిందే, చూపించలేకపోతే అంచనాలేమీ ఉండవు, మొత్తం సున్నా. ఏజెంట్ ఖర్చుల్లో పెద్దది కారే, అది సరిగ్గా ఈ కఠినమైన వైపే ఉంది.

75 డాలర్ల లోపు రిసీట్ అక్కర్లేదు అనే మాట బాగా తిరుగుతుంటుంది. నిజమే, హోటల్ బస తప్ప ఇలాంటి ఖర్చులకి ఆ లోపు రిసీట్ అడగరు. అయితే అక్కర్లేనిది రిసీట్ మాత్రమే, ఎప్పుడు ఎవరితో ఎందుకు అని రాసుకోవడం 10 డాలర్లకైనా తప్పదు. సగం విని వదిలేసే రూల్ ఇది.

కారు దగ్గరికొద్దాం. పని మీద తిరిగిన ప్రతి మైలుకీ ఇంత అని అమెరికా ట్యాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ ఏటా రేటు ఇస్తుంది, 2024కి 67 సెంట్లు, 2025కి 70 సెంట్లు. ఏడాదికి 15,000 మైళ్ళు క్లయింట్ల పని మీద తిరిగితే 2025కి 10,500 డాలర్లు, పార్కింగ్, టోల్ దీనికి అదనం. ఈ రేటులోనే గ్యాస్, ఇన్సూరెన్స్, రిపేర్లు, కారు అరుగుదల అన్నీ వచ్చేస్తాయి కాబట్టి మైళ్ళ లెక్క వేసి మళ్ళీ గ్యాస్ బిల్లులు కూడా వేయడం కుదరదు. రెండో దారి అసలు ఖర్చులన్నీ కూడి అందులో పని వాటా శాతం తీసుకోవడం. సొంత కారు కొన్న మొదటి ఏడాది మైళ్ళ రేటుతో మొదలుపెడితే తరవాత అసలు ఖర్చుల వైపు వెళ్ళొచ్చు, లీజు కారైతే మైళ్ళ రేటు ఎంచుకున్నాక లీజు అయ్యేదాకా అదే.

అసలు ఖర్చుల దారిలో మైళ్ళ గొడవ ఉండదనుకుంటారు, అది పొరపాటు. పని వాటా శాతం అనేది మైళ్ళ లెక్క నుంచే వస్తుంది, పని మైళ్ళని మొత్తం మైళ్ళతో భాగిస్తే వచ్చేదే అది. ఈ మధ్య వీడియోల్లో పెద్ద ఎస్‌యూవీ కొను, ట్యాక్స్‌లో మొత్తం కొట్టేయి అని చెప్పేవాళ్ళు ఈ ముక్క ఎగ్గొట్టేస్తారు. లోడుతో కలిపి 6,000 పౌండ్లు దాటే బండికి మొదటి ఏడాదే ఎక్కువ డిప్రిసియేషన్ (అరుగుదల కింద తీసే మొత్తం) తీసుకోవచ్చు అనేది అబద్ధం కాదు, సెక్షన్ 179 కింద ఎస్‌యూవీకి 2025లో 31,300 డాలర్ల దాకా, 2025 జనవరి 19 తరవాత కొన్నదైతే బోనస్ డిప్రిసియేషన్ వంద శాతం కూడా ఉంది. కానీ పని వాడకం సగం దాటాలి, ఏ శాతమైతే చూపించారో ఆ శాతం వరకే వస్తుంది, తరవాతి ఏళ్ళలో ఆ వాడకం సగానికి పడిపోతే ముందు తీసుకున్నదాంట్లో కొంత మళ్ళీ ఆదాయంలో కలపాలి, ఆ బండికి ఇక ఎప్పటికీ మైళ్ళ రేటు వాడుకోవడానికి లేదు. మార్కెట్ మందగించి క్లోజింగ్‌లు లేక, బండి పిల్లల స్కూలుకీ క్లాసులకీ తిరుగుతున్న ఏడాది ఏ శాతం వస్తుందో చెప్పక్కర్లేదు. మైలేజ్ లాగ్ రాయడం బద్ధకమై ఎస్‌యూవీ దారి పట్టినవాళ్ళకి అదే లాగ్ ఇంకా ఎక్కువ అవసరం పడుతుంది, అది వింతే.

లాగ్ అంటే భయపడాల్సిందేమీ లేదు. తేదీ, ఎక్కడికి, ఎందుకు, ఎన్ని మైళ్ళు, ఏడాది మొదట్లో చివర్లో ఓడోమీటర్ అంకె, ఇంతే. ఏ రోజుకారోజు రాయకపోయినా వారానికోసారి కూర్చుని ఆ వారానిది రాస్తే అది సకాలంలో రాసినట్టే అని ఐఆర్‌ఎస్ తన పబ్లికేషన్‌లోనే చెప్తుంది. ఫోన్ జీపీఎస్‌తో మైళ్ళు పట్టే యాప్‌లు ఎంత దూరం వెళ్ళారో బాగానే పట్టుకుంటాయి, కానీ అది షోయింగా కూరగాయలా అనేది మనిషే చెప్పాలి, రెండు నెలలు యాప్‌లో పనా సొంతమా అని స్వైప్ చేయకుండా వదిలేస్తే తరవాత జ్ఞాపకం మీద చేసేది ఊహాగానమే. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రం పక్కాగా రాసి మిగతాదానికి దాన్నే ఆధారంగా చూపే పద్ధతి కూడా రూల్స్‌లో ఉంది, అయితే మిగతా నెలలు కూడా అలాగే గడిచాయని చూపించగలగాలి, వసంతంలో ఊపిరాడక డిసెంబర్‌లో ఖాళీగా ఉండే ఈ పనికి అది అంత బాగా నప్పదు.

ఏజెంట్లకి ఇంకెవరికీ లేని ఒక సాక్షి ఉంది, దాన్ని వాడుకునేవాళ్ళు తక్కువ. అమ్మే ఇంటి తాళంచెవి ఉంచే ఎలక్ట్రానిక్ లాక్‌బాక్స్ తెరిచిన ప్రతిసారీ ఏ ఇల్లు, ఎన్నింటికి, ఎవరి కోడ్ అనేది రికార్డవుతుంది, షోయింగ్ బుక్ చేసే సిస్టమ్‌లో కన్ఫర్మేషన్ ఈమెయిల్ ఉంటుంది. శనివారం 11 గంటలకి ఒక ఇల్లు, 11:50కి రెండోది, 12:45కి మూడోది తెరిచినట్టు బయటివాళ్ళ రికార్డులో ఉంటే, లాగ్‌లో ఆ రోజు 46 మైళ్ళు అని రాసింది ఊరికే రాసింది కాదని తెలిసిపోతుంది. అదే ఏప్రిల్‌లో కూర్చుని అల్లిన లాగ్ ఎలా ఉంటుందంటే అన్నీ 20, 30, 50 అని గుండ్రటి అంకెలు, ఒకే పెన్ను, ఒకే దస్తూరీ, ఫ్యామిలీతో ఊళ్ళో లేని వారంలో కూడా రెండు షోయింగ్‌లు. ఆడిటర్ చూసేవాటిలో ఇవి మొదట్లోనే ఉంటాయి, డిడక్షన్ పోవడమే కాకుండా తక్కువ కట్టిన ట్యాక్స్ మీద 20 శాతం పెనాల్టీ కూడా పడొచ్చు.

ఇంట్లో ఆఫీస్ గది సంగతి కారుతో ముడిపడి ఉంది. బ్రోకరేజ్‌లో ఒక డెస్క్ ఉన్నా, పేపర్ వర్క్, ఫోన్లు, లెక్కలు లాంటి పనంతా ఇంట్లో ఆ గదిలోనే చేస్తూ, ఆ పని చెప్పుకోదగ్గంతగా ఇంకెక్కడా చేయకపోతే ఆ గది పని స్థలంగా లెక్కలోకొస్తుంది. అప్పుడు ఇంటి నుంచి నేరుగా మొదటి క్లయింట్ దగ్గరికి వెళ్ళిన మైళ్ళు కూడా పని మైళ్ళే. గది లేకపోతే ఇంటి నుంచి బ్రోకరేజ్ ఆఫీసుకి వెళ్ళిరావడం అందరూ ఉద్యోగానికి వెళ్ళినట్టే, లెక్కలోకి రాదు. చాలామంది గదికి చదరపు అడుక్కి 5 డాలర్ల చొప్పున 300 అడుగుల దాకా, అంటే మహా అయితే 1,500 డాలర్లు వచ్చే సులువు పద్ధతి చూసి ఇంతేనా అని వదిలేస్తారు, దాని వెనకాల వచ్చే మైళ్ళు చూడరు. షరతు మాత్రం గట్టిది, ఆ గదిని పనికి తప్ప దేనికీ వాడకూడదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఉన్నప్పుడు ఆ గదిలోనే మంచం వేస్తే ఆ ఆర్నెల్లకీ అది ఆఫీస్ కాదు. గదిలో ఒక భాగాన్ని కూడా చూపించుకోవచ్చు, గోడే కట్టాలని లేదు, కాకపోతే ఆ భాగం నిజంగా పని కోసమే ఉండాలి.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. ఎమ్ఎల్ఎస్ (అమ్మకానికున్న ఇళ్ళ ఉమ్మడి జాబితా) ఫీజు, లైసెన్స్ రెన్యువల్, ఈ అండ్ ఓ ఇన్సూరెన్స్ (పనిలో పొరపాట్లకి బీమా), ఫొటోగ్రఫీ, డ్రోన్ వీడియో, పోస్ట్‌కార్డులు, వెబ్‌సైట్, లీడ్‌ల కోసం కట్టే డబ్బు, వీటికి ఎందుకు అనే ప్రశ్న రాదు, రిసీట్ చాలు. రియల్టర్ అసోసియేషన్ చందాలో లాబీయింగ్‌కి పోయే వాటా తీసేయాలి, అది ఎంతో బిల్లులోనే రాసి ఉంటుంది. లైసెన్స్ రాకముందు చదివిన కోర్సు కొత్త వృత్తిలోకి రావడానికి చదివింది కాబట్టి రాదు, వచ్చాక చేసే కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ వస్తుంది. సూట్లు, బూట్లు, హెయిర్‌కట్ ఎంత క్లయింట్ల కోసమైనా రావు. క్లోజింగ్ రోజు 150 డాలర్ల గిఫ్ట్ బాస్కెట్ ఇచ్చినా ఒక మనిషికి ఏడాదికి 25 డాలర్లే లెక్క, ప్యాకింగ్, పోస్టల్ ఖర్చు మాత్రం ఆ 25 బయట. 1962 నుంచి ఈ 25 కదల్లేదు, ఇప్పుడు 25 డాలర్లకి సరైన పూలగుత్తి కూడా రాదు గానీ చట్టం అదే. ఫోన్ బిల్లులో పని వాటా ఎంతో ఒక న్యాయమైన శాతం పెట్టుకుని ఏడాదంతా అదే నడపడం మంచిది, సొంత నంబరూ పని నంబరూ వేరు చేస్తే ఆ వాదనే ఉండదు.

సెల్లర్ ఇంటికి స్టేజింగ్ (అమ్మకం కోసం ఇల్లు సర్ది అలంకరించడం) ఏజెంటే పెట్టిస్తే అది ఏజెంట్ ఖర్చే, కానీ ఆ డబ్బు క్లోజింగ్‌లో తిరిగొస్తే రెండూ లెక్కలో కనపడాలి, ఖర్చు ఒక్కటే చూపించి వచ్చింది మర్చిపోవడం తరచూ జరిగేదే. స్టేజర్‌కో ఫొటోగ్రాఫర్‌కో అసిస్టెంట్‌కో చెక్కుతోనో బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే జెల్‌తోనో 2025లో 600 డాలర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ కట్టి ఉంటే వాళ్ళకి 1099 పంపాలి, 2026 నుంచి కట్టేవాటికి ఆ గీత 2,000 డాలర్లకి జరిగింది. పని అప్పగించే ముందే వాళ్ళ ట్యాక్స్ నంబరు రాసిచ్చే డబ్ల్యూ-9 ఫారం తీసుకోకపోతే జనవరిలో వాళ్ళ వెంట పడాలి.

భార్యాభర్తల్లో ఒకరు డబ్ల్యూ-2 ఉద్యోగం (జీతంలోనే ట్యాక్స్ పట్టుకునేది), ఇంకొకరు ఏజెంట్ అయిన ఇళ్ళలో ఖర్చుల లెక్క ఇంకో రకంగా పనికొస్తుంది. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి నెలల్లో 15వ తేదీ లోపు ఎస్టిమేటెడ్ ట్యాక్స్ ఎంత కట్టాలో తెలియాలంటే అప్పటిదాకా లాభం ఎంతో తెలియాలి, లాభం తెలియాలంటే ఖర్చులు అప్పటికే రాసుండాలి. అది కష్టమనిపిస్తే ఉద్యోగం చేసేవాళ్ళ డబ్ల్యూ-4 (జీతంలో ట్యాక్స్ ఎంత పట్టాలో చెప్పే ఫారం) మార్పించి జీతంలోనే ఎక్కువ పట్టించుకోవచ్చు, జీతంలో పట్టింది ఏడాదంతా సమానంగా కట్టినట్టే చూస్తారు. మొదటి ఏడాది ఒక్క క్లోజింగ్ కూడా కాక ఖర్చులే మిగిలితే ఆ నష్టం జాయింట్ రిటర్న్‌లో జీతం మీద సర్దుకోవచ్చు, మంచిదే, కానీ ఏటా నష్టమే చూపిస్తూ పోతే ఇది వ్యాపారమా హాబీనా అనే ప్రశ్న వస్తుంది. ఐదేళ్ళలో మూడేళ్ళు లాభం ఉంటే వ్యాపారమే అనుకుంటారు, లేకపోతే వేరే బ్యాంక్ అకౌంట్, సరైన పుస్తకాలు, క్లయింట్ల కోసం చేసిన ప్రయత్నాలు చూపించి ఒప్పించాల్సిన పని ఏజెంట్ మీద పడుతుంది.

కాగితాల సంగతికొస్తే, రిటర్న్ వేసిన మూడేళ్ళ దాకా మామూలుగా దాచాలి, ఆదాయం పావు వంతుకి మించి తక్కువ చూపిస్తే ఐఆర్‌ఎస్‌కి ఆరేళ్ళ దాకా టైం ఉంటుంది, కారు డిప్రిసియేషన్ కాగితాలైతే ఆ కారు అమ్మేసిన ఏడాది రిటర్న్ వేసి, దానికి మూడేళ్ళు నిండేదాకా. థర్మల్ పేపర్ రిసీట్లు కొన్నాళ్ళకి తెల్లబడిపోతాయి కాబట్టి ఫోన్‌తో ఫొటో తీసి, ఆ ఫొటో కిందే ఎవరితో ఎందుకో ఒక ముక్క రాస్తే చాలు, ఎలక్ట్రానిక్ కాపీలు చదవడానికి వీలుగా ఉంటే ఐఆర్‌ఎస్ 1997 నుంచే ఒప్పుకుంటోంది. బ్రోకరేజ్ మారేటప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి, కమిషన్ స్టేట్‌మెంట్లు, ట్రాన్సాక్షన్ ఫైళ్ళు, షోయింగ్ హిస్టరీ, ఆఫీస్ ఈమెయిల్ చాలావరకు పాత బ్రోకరేజ్ సిస్టమ్‌లోనే ఉంటాయి, లైసెన్స్ ట్రాన్స్‌ఫర్ అయిన రోజే లాగిన్ ఆగిపోవచ్చు, అందుకని రాజీనామా ఈమెయిల్ పంపే ముందే అవన్నీ డౌన్‌లోడ్ చేసుకోవాలి.